అప్‌గ్రేడు తర్వాత 412 తెగిన లింకులు: తుడిచేయాలా, ఉంచాలా?

కొత్త బిచ్చగాడు:
ఆఫీసు సర్వరులోని ఉబుంటు లినక్సును 22.04 నుంచి 24.04కు మార్చాను. తర్వాత ఫైండ్ కమాండుతో వెతికితే గమ్యం లేని సింబాలిక్ లింకులు (వేరే ఫైలుకు దారి మాత్రమే చూపేవి) 412 తేలాయి. ఒక్క దెబ్బతో తీసేయవచ్చా?

చీపురుకట్ట:
నిక్షేపంగా. లింకును చెరిపితే అది చూపే ఫైలుకు ఏమీ కాదు, పైగా ఇక్కడ ఆ ఫైలే లేదు. ఫైండ్‌కు తెగిన లింకులనే ఏరే ఎక్స్‌టైప్ ఎల్ ఇచ్చి చివర డిలీట్ పెట్టండి.

పాతసామాను:
ఆ ‘చివర’ను ఎర్రసిరాతో రాయాలి. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. డిలీట్ ముందుంటే, ఎదురైనదల్లా చెరిపేశాక గానీ అది తెగిన లింకా కాదా అని చూడదు. పైగా తెగినట్టు కనబడేవన్నీ తెగినవి కావు. ఫైర్‌ఫాక్స్ తన ప్రొఫైల్ ఫోల్డరులో ‘లాక్’ అనే లింకు పెడుతుంది. అది చూపేది ఐపీ అడ్రసును, ప్రాసెస్ నంబరును. పుట్టుకతోనే దానికి గమ్యం లేదు.

చీపురుకట్ట:
సర్వరులో ఫైర్‌ఫాక్స్ ఎవరు నడుపుతారండీ?

పాతసామాను:
సర్వరు సంగతే చెబుతాను. ప్రతి లింకూ ఏ ప్యాకేజీదో ముందు డీపీకేజీని, అంటే ప్యాకేజీల లెక్క చూసే ప్రోగ్రామును, అడగాలి. ప్యాకేజీదైతే ముట్టుకోకూడదు. సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డరులోని ఆల్టర్నేటివ్స్ లింకులు (ఒకే పని చేసే ప్రోగ్రాముల్లో ఏది వాడాలో చూపేవి) ఏ ప్యాకేజీ జాబితాలోనూ ఉండవు కాబట్టి డీపీకేజీ తెలియదంటుంది. అంతమాత్రాన అవి అనాథలు కావు, వాటికి అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్ అనే కమాండు యజమానిగా ఉంది.

మౌనముని:
ఇన్ని తీస్తే ఎంత స్థలం మిగులుతుంది?

పాతసామాను:
సున్నా. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంలో లింకు చూపే దారి 60 బైట్లకు లోపు అయితే ఐనోడ్‌లోనే, అంటే ఫైలు వివరాలుండే చిన్న నమోదులోనే, ఇమిడిపోతుంది. ఒక్క బ్లాకు కూడా ఖాళీ కాదు.

చీపురుకట్ట:
స్థలం కోసమని నేనన్నానా? పైన చదవండి, ఎక్కడన్నానో చూపండి.

పాతసామాను:
అడిగినాయనకు జవాబు చెప్పాను. మీరెందుకు ఉలిక్కిపడుతున్నారు?

చీపురుకట్ట:
ఎందుకా? నాకు ముందున్న ఆయన లాగ్ ఫైలు పేరుతో బయటి డ్రైవులోకి ఒక లింకు పెట్టి వెళ్లిపోయారు. అప్‌గ్రేడు తర్వాత ఆ డ్రైవు మౌంట్ కాలేదు, అంటే తన ఫోల్డరుకు తగులుకోలేదు. ‘లింకును ఉండనివ్వు, కదిలించకు’ అన్నారు పెద్దలు. రాత్రి స్క్రిప్టు ఆ లింకులోకే రాసింది. ఖాళీ మౌంట్ ఫోల్డరులో కొత్త ఫైలు పుట్టి తెల్లారేసరికి రూట్ డిస్కు నిండిపోయింది. కంగారులో డ్రైవు మౌంట్ చేశాను, ఆ ఫైలు దాని కింద దాక్కుంది. డిస్కు మొత్తం లెక్క చెప్పే డీఎఫ్ నిండిందంటుంది, కనబడే ఫైళ్లను కూడే డీయూ అంత లేదంటుంది. మూడు గంటలు వెతికాను. చీవాట్లు తిన్నది నేను, లింకు పెట్టిన పెద్దమనిషి కాదు.

పాతసామాను:
లింకును చెరిపి ఉంటే స్క్రిప్టు అదే పేరుతో మామూలు ఫైలు పెట్టుకుని అదే డిస్కును నింపేది. రోగం మౌంట్‌ది.

చీపురుకట్ట:
అప్పుడా ఫైలు కనీసం కంటికి కనబడేది!

మౌనముని:
ఆ మాట నిజమే.

పాతసామాను:
నా గోడు కూడా వినండి. నేను పెట్టిన బ్యాకప్ లింకును నా తర్వాత వచ్చిన కుర్రవాడు ‘తెగింది’ అని తుడిచాడు. డ్రైవు ఆ వేళ మౌంట్ కాలేదు, అంతే. నలభై రోజులు బ్యాకప్ లేదు. అప్పుడు ఫోను చేసి ‘అది దేనికి పెట్టారు సార్’ అన్నాడు. తుడిచాక అడిగాడు!

చీపురుకట్ట:
తుడవక ముందు తెలుసుకోవడానికి మీరు ఎక్కడైనా రాసిపెట్టారా?

పాతసామాను:
లేదు. పేరు చూస్తే తెలుస్తుందనుకున్నాను.

చీపురుకట్ట:
నాకు ముందున్న ఆయన కూడా అదే అనుకుని ఉంటారు.

కొత్త బిచ్చగాడు:
ఇద్దరికీ నమస్కారం. ఫైండ్‌ను వేరే ఫైల్ సిస్టముల్లోకి పోనివ్వని ఎక్స్‌డెవ్ ఇవ్వడం మరిచాను. అది ఇచ్చి మళ్లీ వెతికితే 27 మిగిలాయి, మిగతావన్నీ కెర్నెల్ సృష్టించే ప్రాక్ ఫోల్డరులోవి. మూడు పాత పైథాన్ 3.10ను చూపుతున్నాయి. 24.04లో ఉన్నది 3.12, కాబట్టి ఆ లింకులున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లనే (పైథాన్ ప్రోగ్రాములకు విడిగా కట్టే ఫోల్డర్లు) కొత్తగా కట్టుకున్నాను. తక్కినవాటి జాబితాను, ఏది ఎక్కడికి చూపుతోందో సహా, ఒక ఫైలులో దాచుకుని ఒక్కొక్కటీ చూశాను. ‘పాత జీతాలు’ అనే ఒక్క లింకు దగ్గర ఆగిపోయాను. దాన్ని పెట్టిన ఆయనకు రెండుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. బీరువాలో పేరు లేని డ్రైవు ఒకటి దొరికింది. రేపు తగిలించి చూస్తాను.