గుర్రంగడ్డ పాత మిద్దె ఎవరిది: బైనామా ఉన్నవారిదా, కాపురమున్నవారిదా?

ప్రశ్న

గద్వాల దగ్గర కృష్ణానది మధ్యనున్న గుర్రంగడ్డలో మా తాతగారు ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం) 1346లో ఒక మిద్దె ఇల్లు కొన్నారు. ఉర్దూలో రాసిన ఆ బైనామా (అమ్మకపు దస్తావేజు) మా దగ్గరే ఉంది. నాయనమ్మ ముందే పోయారు. తాతగారు 1974లో వీలునామా రాయకుండా కాలం చేశారు. అప్పటి నుంచి మా మేనత్త కుటుంబం ఆ ఇంట్లో ఉంటూ పన్ను తమ పేరునే కడుతోంది. 2009 వరదలో కూలిన వెనుక గోడనూ వాళ్లే కట్టించారు. మా నాన్నగారు ఒక్కడే కొడుకు కాబట్టి ఇల్లు మాదని నేనంటున్నాను. కాపాడుకొచ్చింది తామే కాబట్టి తమదని మా బావ అంటున్నాడు. ఏది న్యాయం?

మొదటి జవాబు

పన్నెండేళ్లకు మించి అనుభవంలో ఉన్నవారిదే ఇల్లు. ఏటా నది పొంగినప్పుడు పుట్టిలో (గుండ్రటి చిన్న పడవలో) సామాను దాటించుకున్నది వారు. పెట్టెలో దాచిన కాగితం గోడను నిలబెట్టదు.

రెండవ జవాబు

ఆ శ్రమను నేను తక్కువ చేయను. అయితే పన్నెండేళ్ల లెక్క అసలు యజమానిని కాదని, అతని హక్కును ధిక్కరించి, బాహాటంగా అనుభవించినప్పుడే పనికొస్తుంది. తోబుట్టువుల ఉమ్మడి ఆస్తిలో ఒకరి అనుభవం అందరి తరఫున అనుభవంగానే కోర్టులు చూస్తాయి. రెండోవారి వాటా లేదని వారికి తెలిసేలా చెప్పి బయట ఉంచితే తప్ప ఆ లెక్క మొదలే కాదు. ఇంటి పన్ను రశీదు ఎవరు ఉంటున్నారో చూపుతుంది గాని హక్కును పుట్టించదు. గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని ఇంటికి పొలానికి ఉన్నట్టు పట్టా పాసుపుస్తకం ఉండదు కాబట్టి చాలామంది ఆ రశీదునే పట్టాగా భావిస్తారు.

బైనామా విషయానికి వస్తే, ఫసలీకి 590 కలిపితే 1936-37 ప్రాంతం వస్తుంది. ఇలాంటి కాగితాలు మడతల దగ్గర చిరిగి ఉంటాయి. అయినా నాలుగు హద్దులు రాసిన వరుసను ఉర్దూ తెలిసినవారితో చదివించి, ఆ హద్దులు నేటి ఇంటికి సరిపోతున్నాయో లేదో ముందు చూసుకోండి. ముప్పై ఏళ్లు దాటిన పత్రం సరైనవారి దగ్గర నుంచి వస్తే దాని సంతకాలను కోర్టు నిజమని భావించవచ్చు. కానీ అది రుజువు చేసేది మీ తాతగారి హక్కును, మీ ఒక్కరి హక్కును కాదు.

ఇద్దరూ మరిచిన మనిషి మీ మేనత్త. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి స్వార్జితంలో వీలునామా లేకపోతే కొడుకుకూ కూతురికీ సమాన వాటా వస్తుంది. కూతుళ్లకు 2005లోనే హక్కు వచ్చిందని మన దగ్గర చాలామంది అనుకుంటారు గాని, ఆ ఏటి చట్ట సవరణ పిత్రార్జిత ఉమ్మడి ఆస్తి గురించి. ఇల్లు తాతగారు సొంత డబ్బుతో కొన్నదే అయితే 1974లోనే సగం మీ నాన్నగారిది, సగం ఆమెది అయ్యాయి. ఆమె మీ ఇంటిని చూసుకోవడానికి ఉన్న మనిషి కాదు, ఆక్రమించిన మనిషీ కాదు.

ప్రశ్న అడిగినవారు

పెళ్లిలో పసుపు కుంకుమల కింద ఆమెకు బంగారం ఇచ్చారని, దానితో లెక్క తీరిందని మా నాన్నగారు అంటారు.

రెండవ జవాబు ఇచ్చినవారు

తీరలేదు. పెళ్లి బంగారం వాటాకు బదులు కాదు. తాతగారు పోయాక ఆమె తన వాటా వదులుకుంటూ రిజిస్టరు చేసిన విడుదల పత్రం ఉంటే చూపండి. లేకపోతే ఆ మాట ఆమె ముందు ఎత్తవద్దు. గోడ ఖర్చులో సగం మీ నాన్నగారి మీద ఉందని మీరే ముందుగా ఒప్పుకోండి. ఆ తరువాత బైనామా నకలు తీసుకుని నది తగ్గినప్పుడు వెళ్లి, మీ బావతో కాక మేనత్తతోనే కూర్చుని మాట్లాడండి.