చవక పేవర్ బ్లాకులతో పెరడు: వేయించుకున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి

పర్లా కుర్రోడు
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, పాతపట్నం వెళ్లే దారిలో ఇల్లు. గేటు దగ్గర నుంచి వెనక బావి దాకా, తులసికోట చుట్టూ కలిపి 300 చదరపు అడుగులు ఉంటుంది. వానాకాలం వస్తే అంతా బురదే, అమ్మ ఇప్పటికి రెండుసార్లు జారిపడింది. సిమెంటు గచ్చు చేయించేద్దామంటే నాన్న ఒప్పుకోరు, కొబ్బరి చెట్లకి నీరెలా దిగుతుందిరా అంటారు. అందుకని పేవర్ బ్లాకుల మీద పడ్డాను. ఊరి బయట ఒకాయన 60 ఎంఎం మందం మంచి సరుకు అడుగు 42 రూపాయలు చెప్తున్నాడు, రంగు కుదరనివీ అంచులు విరిగినవీ అయితే 24కే ఇస్తానంటున్నాడు. మా పెరట్లోకి బైకు తప్ప ఏ బండీ రాదు. ఆ 24 రూపాయల సరుకు తీసుకోవచ్చా? ఇసుక పోసి నేనూ తమ్ముడూ పేర్చేసుకుంటే సరిపోతుందా?

గుణుపురం మాస్టారు
బాబూ, తీసుకోవచ్చు. కానీ రంగు కుదరని బ్లాకు వేరు, సరిగ్గా ఉడకని బ్లాకు వేరు. "ఉడకని" అంటే క్యూరింగ్ (పోశాక కొన్నాళ్లు తడిపి ఉంచడం) లేనిదని నా ఉద్దేశం, మా మేస్త్రీ మాట అది. రెండు బ్లాకులు చేతిలోకి తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూడు, ఖంగుమనాలి. మొద్దుగా మోగితే వదిలెయ్. మూల మీద మేకుతో గీస్తే పొడి రాలిందంటే అదీ వద్దు. ఇంకో పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. నాలుగు రోజులు ఎండలో బాగా ఆరిన బ్లాకుని వంటింటి కాటా మీద తూచి, 24 గంటలు బకెట్లో ముంచి, పైన తడి గుడ్డతో తుడిచి మళ్లీ తూచు. పేవర్లకి ఐఎస్ 15658 అని ప్రమాణం ఉంది, దాని ప్రకారం నీరు పీల్చుకునేది సగటున 6 శాతం దాటకూడదు. లాబ్‌లో ఓవెన్‌లో ఆరబెట్టి లెక్క కడతారు, మనది ఉజ్జాయింపే, కానీ మరీ చెత్త సరుకైతే ఇందులోనే దొరికిపోతుంది. నేను తెచ్చిన ఒక శాంపిల్ 2750 గ్రాములది 2990 అయింది. నువ్వే లెక్క వేసుకో.

ఆ ప్రమాణంలోనే మనుషులు నడిచే చోటికి 50 ఎంఎం ఎం-30, తేలిక బళ్లు తిరిగే చోటికి 60 ఎంఎం ఎం-35 అని ఉంది (ఎం పక్క అంకె కాంక్రీటు బలానికి గుర్తు). నీకు బైకే కాబట్టి 60 చాలు, 80 ఎంఎం అంటగడితే తీసుకోకు.

రాయగడ లక్ష్మి
మాస్టారు చెప్పినవి రైటే. ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట, ఎవరూ ముందు చెప్పరు. గేటు ముందు పేవర్లు వేశాక ముగ్గు కుదరదు! చుక్క పెడితే సందులో పడుతుంది, గీత లాగితే జిగ్‌జాగ్ మీద విరిగిపోతుంది. మా వీధిలో ఒడియా వాళ్లు మార్గశిర గురువారాలకి బియ్యప్పిండితో ఝోటి వేస్తారు, వాళ్లదీ ఇదే గోల. మేం చివరికి గుమ్మం ముందు 5 అడుగులు 4 అడుగులు నున్నటి గచ్చు వదిలి, మిగతాదే పేవర్లతో కట్టించాం. ముందే ఆలోచించుకుంటే పీకాల్సిన పని ఉండేది కాదు. కళ్లాపి చల్లే అలవాటుంటే పేడనీళ్లు సందుల్లోకి దిగి గడ్డి తెగ మొలుస్తుంది, అదీ చెప్తున్నా.

ఇంకోటి, అద్దంలా మెరిసే రబ్బరు మోల్డు బ్లాకులు కొట్లో చూస్తే ముద్దొస్తాయి కానీ, మామిడిచెట్టు నీడన రెండు వానలకి పాచి పట్టి జర్రున జారుతాయి. అమ్మ జారిపడిందన్నావు కదా తమ్ముడూ, పైన కొంచెం గరుగ్గా ఉండేవే తీసుకో.

ధర్మాబాద్ రైతు
మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బాసరకి ఇవతల. మా కథ వింటే మీకు నవ్వొస్తది. మిర్చి ఆరబోసుకునే జాగా బాగుంటదని వాకిట్లో 600 అడుగులు పేవర్లు వేయించిన. మాది నల్లరేగడి. మేస్త్రీ పైన గడ్డి చెక్కి, నాలుగు గమేళాల ఇసుక చల్లి, వరుసగా పేర్చి పైసలు తీసుకుని పోయిండు. ఎండాకాలం బాగుంది, ఆ ఏడు మిర్చి కూడా ఆరబోసినం. వాన పడ్డంక కింద రేగడి ఉబ్బింది, మొత్తం వేయించిన అప్పడం లెక్క ఎత్తుపల్లాలు. మళ్లా ఎండాకాలం నేల పగుళ్లిచ్చి ఇసుక ఆ పగుళ్లలోకే దిగిపోయింది. బ్లాకుల తప్పు ఒక్కటి లేదు, ఒక్కటి విరగలేదు కూడా. తర్వాత ఊడదీసి, ఒకటిన్నర అడుగు రేగడి తీసేసి మొరం నింపి, నీళ్లు కొట్టి దిమ్మిస చేసి, మళ్లా అవే బ్లాకులు పరిచినం. మొరం, ట్రాక్టరు, కూలీ కలిపి మొదటి ఖర్చు కంటే రెండోదే ఎక్కువైంది. మా బావ అయితే ఇప్పటికీ అంటడు, షాబాద్ బండలు పరిస్తే పోయేది కదా అని. రేగడి మీద బండలు మాత్రం కదలవా ఏంది.

నీ నేల ఏ రకం, అది చెప్పు ముందు.

పర్లా కుర్రోడు
అన్నా, మాది ఎర్రనేల, గుంట తవ్వితే రెండడుగుల కింద గరుగు తగుల్తుంది. లక్ష్మి అక్కా, ముగ్గు సంగతి అమ్మకి చెప్తే "నేను అదే మొత్తుకుంటున్నాను" అంది, నాకెప్పుడూ చెప్పలేదు మరి. ఇక్కడి మిస్త్రీ ఒకడు ఇసుకలో సిమెంటు కలిపి దాని మీద పేర్చి, సందులు కూడా సిమెంటుతో పూడిస్తే జన్మలో కదలదు అంటున్నాడు. నిజమేనా?

బరంపురం సివిల్
కదలదు, నీరూ దిగదు. మీ నాన్నగారి కొబ్బరి చెట్ల గొడవ మళ్లీ మొదటికొస్తుంది. పైగా రేపు కుళాయి లైను లీకయితే పగలగొట్టాల్సిందే. పేవర్ సుఖమంతా ఊడదీసి మళ్లీ పెట్టుకోగలగడంలోనే ఉంది. సిమెంటు పోశాక అది పేవర్ కాదు, ఖరీదైన గచ్చు.

నీ 300 అడుగులకి లెక్క చెప్తాను. 200 బై 100 ఎంఎం బ్లాకు అయితే చదరపు మీటరుకి 50 పడతాయి, 300 అడుగులంటే 28 మీటర్లు, 1400 బ్లాకులు. మామూలుగా 5 శాతం అదనం చాలు, కానీ నువ్వు తెచ్చేది విరిగిన సరుకు కాబట్టి 10 శాతం తీసుకో, అంచుల్లో సగం ముక్కలు ఎలాగూ కావాలి, విరిగినవి అక్కడ పనికొస్తాయి. 60 ఎంఎం బ్లాకు ఒక్కోటి 2.8 కిలోల పైమాటే, అంటే మొత్తం 4 టన్నులు దాటుతుంది. బండి కిరాయి, సందు మొదట్నుంచి పెరటి దాకా మోత కూలీ ముందే మాట్లాడుకో, చాలామంది రేటంతా బేరమాడి ఇక్కడ పోగొట్టుకుంటారు.

పని ఇలా చేయండి. పైమట్టి 8 అంగుళాలు తీసేయండి. అడుగున నేలని తడిపి దిమ్మిస కొట్టి, 4 అంగుళాలు గ్రావెల్ రెండు పొరలుగా వేసి, ప్రతి పొరకీ నీళ్లు చల్లి మళ్లీ కొట్టండి. దాని మీద అంగుళంన్నర గరుకు ఇసుక. క్రషర్ డస్టు చవకగా వస్తుందని అది పరుస్తారు, మెత్తటి డస్టు నీటిని పట్టుకుని కూర్చుంటుంది, వద్దు. ఇసుక సమానంగా రావాలంటే రెండు పైపులు రైలు పట్టాల్లా పెట్టి, తిన్నటి చెక్క బద్దతో లాగండి, లాగాక దాని మీద కాలు పెట్టకండి, వేసిన బ్లాకుల మీద నిలబడే ముందుకి పోవాలి. ప్రతి 4 అడుగులకి ఒక అంగుళం వాలు, గోడ నుంచి బయటికి. ఇది రసమట్టంతోనే చూడండి, కంటితో కాదు. బ్లాకుల మధ్య 2 నుంచి 4 ఎంఎం సందు, అందులో ఎండిన సన్న ఇసుక చీపురుతో నింపి, పైన పలక వేసి కొట్టి, మళ్లీ నింపండి.

అంచు కట్టకపోతే ఇదంతా వృథా. చివరి వరుస పక్కకి జరిగితే మిగతావి వెనకే జరుగుతాయి.

గుణుపురం మాస్టారు
అంచు సంగతి నేను సాక్ష్యం చెప్తాను. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా బాటకి అంచు లేదు, పక్కన మట్టి కొట్టుకుపోయి, తర్వాత కింద ఇసుక పోయి, తెల్లారి చూస్తే బ్లాకులు ఎక్కడివక్కడ చెల్లాచెదురు. పిల్లలతో ఏరించి కడిగి మళ్లీ వేశాను, ఈసారి అంచుకి పాత ఇటుకలు నిలువుగా పాతి వెనక కాంక్రీటు పోశాను.

మీకు 300 అడుగులూ పేవర్లే ఎందుకు? తోట వైపు నేను ఇంట్లోనే అడుగు బై అడుగు పలకలు పోసుకున్నాను, రెండంగుళాల మందం, సిమెంటు, ఇసుక, చిప్స్ 1:1.5:3 పాళ్లు, చిప్స్ 10 ఎంఎం లోపువి. బస్తా సిమెంటుకి పాతిక దాకా వచ్చాయి. మోల్డు కోసం కొట్టుకెళ్లకండి, నాలుగు చెక్క బద్దలు, కింద పాలిథిన్ కవరు, లోపల పాత ఇంజనాయిలు పూస్తే ఊడొస్తాయి. నీళ్లు తక్కువ పోయాలి, జారుగా కలిపితే చేతికి సుఖం, పలకకి బలం ఉండదు. పది రోజులు తడిగోనెలు కప్పాను. పలకకీ పలకకీ మధ్య రెండడుగులు పెడితే నాకు బాగుంది, మా అమ్మగారికి అందలేదు. మళ్లీ తీసి అడుగున్నరకి జరిపాను.

రాయగడ లక్ష్మి
ఇది బాగుంది మాస్టారూ, మధ్యలో గడ్డి పెరిగినా అందమే. రంగు బ్లాకులు మాత్రం చవక దాంట్లో కొనకండి, మా ఎరుపు రెండేళ్లకి నీరసపు గులాబీ అయింది. బూడిద రంగుదానికి వెలిసిపోయే భయం లేదు.

పర్లా కుర్రోడు
మూడు నెలల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. 24 రూపాయల సరుకే తెచ్చాను, కానీ కుప్పలోంచి మేమే ఏరుకున్నాం, ఆయన కాస్త విసుక్కున్నాడు. బకెట్ పరీక్షలో మూడు శాంపిల్స్ 5 శాతం దగ్గర ఆగాయి. బాటకీ తులసికోట చుట్టూ పేవర్లు వేసి, కొబ్బరి చెట్ల వైపు మాస్టారి పలకలు పోశాం, నాన్నకి ఆ పలకలే నచ్చాయి, దగ్గరుండి నీళ్లు చల్లారు. ముగ్గుకి గచ్చు వదిలాం. ఇసుక లారీ అతను ఒడియాలో "బాలి, బాలి" (ఇసుక) అని ఫోన్‌లో అంటుంటే తమ్ముడు బాలిగాడెవడో అనుకుని రాంగ్ నంబరని పెట్టేశాడు, అలా ఒక రోజు పోయింది. నేనూ తమ్ముడూ, ఒక కూలీ, మొత్తం తొమ్మిది రోజులు. తవ్వడానికీ గ్రావెల్ కొట్టడానికీ ఆరు, పేర్చడానికి మూడే.

వానలన్నీ చూసింది. బావి పక్కన మాత్రం రెండు చదరపు అడుగులు కుంగింది, బిందెల నీళ్లు రోజూ ఒకే చోట పడతాయి కదా. తొమ్మిది బ్లాకులు తీసి, కింద గ్రావెల్ ఇంకాస్త కొట్టి, గంటలో మళ్లీ పెట్టేశాను. రెండు డౌట్లు ఉన్నాయి. కొన్నిటి మీద తెల్లగా పొడి వచ్చింది, సరుకు పాడైపోతోందని టెన్షన్‌గా ఉంది. రెండోది, చీమలు సందుల్లో ఇసుక తోడి పైన కుప్పలు పోస్తున్నాయి.

బరంపురం సివిల్
ఆ తెలుపు సున్నమే. సిమెంటులోది నీటితో పైకొచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి అలా పేరుకుంటుంది, బలానికేం కాదు. పొడిగా ఉన్నప్పుడు గట్టి బ్రష్‌తో రుద్దు, మిగతాది వానలకి నెమ్మదిగా పోతుంది. బాత్‌రూం యాసిడ్ మాత్రం పోయకు, పైపొర తినేస్తుంది.

ధర్మాబాద్ రైతు
చీమలకి మా దగ్గర కూడా మందు లేదు తమ్మీ. అవి తోడుతయి, మేం సంక్రాంతికి ఒకసారి, మిరుగు (మృగశిర కార్తె) ముందు ఒకసారి ఇసుక చల్లి చీపురుతో నింపుతం. రెండు తట్టలు పక్కన పెట్టుకో.

పర్లా కుర్రోడు
పెట్టుకున్నాను అన్నా. పిల్లి దాన్ని వేరే పనికి వాడుతోంది, మూత వెతుకుతున్నాను.