డెబియన్ కన్సోల్‌లో పైప్ బదులు గ్రేటర్‌దాన్ పడుతోంది, పుట్టీలో బ్యాక్‌స్పేస్ చెరపడం లేదు

కొర్లగుంట_ల్యాబ్, తిరుపతి

అన్నలకు నమస్తే. మా కోచింగ్ ల్యాబ్‌లో 12 సిస్టమ్స్ ఉన్నాయి. అన్నిట్లోనూ డెబియన్ 12 (ఒక రకం లినక్స్), గ్రాఫిక్స్ లేదు, అక్షరాలే కనిపించే ఉత్త కన్సోల్. ఈ వారం కొన్న సెకండ్‌హ్యాండ్ కీబోర్డులు పెట్టినప్పటి నుంచి " నొక్కితే @ వస్తా ఉంది, @ నొక్కితే " వస్తా ఉంది. 3 మీద పౌండ్ గుర్తు ఉంది, నొక్కితే # పడుతుంది. పిల్లలు పైప్ (|, ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకో కమాండ్‌కు పంపే గుర్తు) వాడిన చోటల్లా కమాండ్ తప్పిపోయి, ఫోల్డర్‌లో 'సార్ట్' అని ఒక కొత్త ఫైల్ కనిపిస్తా ఉంది.

ఇంకోటి. విండోస్ నుంచి పుట్టీలో (వేరే చోటున్న సర్వర్‌లో కమాండ్లు కొట్టుకునే ప్రోగ్రామ్) సర్వర్‌కు వెళ్తే బ్యాక్‌స్పేస్ కొన్ని ప్రోగ్రాముల్లో చెరపదు, క్యారెట్ హెచ్ అని పడుతుంది. ఎఫ్1 కూడా పనిచేయదు. సర్వర్‌లో లోడ్‌కీస్ (కన్సోల్ కీమ్యాప్ మార్చే కమాండ్) కొట్టి చూశాం, తేడా లేదు.

పిల్లల పేర్లు కన్సోల్‌లోనే తెలుగులో కొట్టుకునే దారి ఏమన్నా ఉందా?

చిత్తూరు_కన్సోల్

మీవి బ్రిటన్ లేఅవుట్ కీబోర్డులు, సిస్టమేమో అమెరికా మ్యాప్‌తో (ఏ కీకి ఏ గుర్తో చెప్పే పట్టిక) చదువుతోంది. ఎంటర్ కీ రెండు వరుసల ఎత్తున, ఎడమ షిఫ్ట్‌కూ జడ్‌కూ మధ్య ఒక అదనపు కీ ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ అదనపు కీ మీద బ్యాక్‌స్లాష్, పైప్ ముద్రించి ఉంటాయి. అమెరికా మ్యాప్‌లో అదే కీ <, > ఇస్తుంది. పిల్లవాడు 'క్యాట్ మార్కులు | సార్ట్' అనుకొని కొడితే సిస్టమ్‌కు అందేది 'క్యాట్ మార్కులు > సార్ట్'. గ్రేటర్‌దాన్ గుర్తు అంటే ఫలితాన్ని ఆ పేరుతో ఫైల్‌లో రాయమని, కొత్త ఫైల్ పుట్టేది అందుకే. ఇది చిన్న సంగతి కాదు. ఆ పేరుతో అక్కడ ముందే ఫైల్ ఉంటే, లోపలున్నదంతా పోతుంది. కీబోర్డ్ సరయ్యేదాకా అందరి చేతా 'సెట్ -ఓ నోక్లాబర్' కొట్టించండి, ఉన్న ఫైల్ మీద > రాయనివ్వదు.

ముందు కన్సోల్‌లోనే రూట్‌గా (అడ్మిన్‌గా) 'షోకీ -కె' నడిపి ఆ కీ నొక్కండి. కీ నంబర్ 86 వస్తే కీబోర్డ్ బాగానే ఉంది, మ్యాప్ ఒక్కటే తప్పు. 10 సెకన్లు ఏమీ నొక్కకపోతే అదే ఆగిపోతుంది.

తర్వాత 'డీపీకేజీ-రీకాన్ఫిగర్ కీబోర్డ్-కాన్ఫిగరేషన్' కొట్టండి, కీబోర్డ్ సెట్టింగులు అడుగుతుంది. మోడల్ 105 కీల పీసీ, లేఅవుట్ ఇంగ్లీష్ యూకే. అయ్యాక 'సెటప్‌కాన్ -కె'. ఈటీసీ కింద డీఫాల్ట్‌లో 'కీబోర్డ్' అనే ఫైల్ తెరిస్తే లేఅవుట్ చోట జి, బి అని చిన్న అక్షరాల్లో ఉండాలి. లోడ్‌కీస్‌తో మార్చింది రీబూట్‌తో పోతుంది, శాశ్వతంగా నిలిచేది ఈ ఫైలే. అమెరికా కీబోర్డులు ఉన్న సిస్టమ్స్‌కు మాత్రం ఇది కాపీ చేయొద్దు. ఏ సిస్టమ్‌కు ఏ కీబోర్డో డబ్బా మీద స్టిక్కర్ వేసుకోండి, లేకపోతే ఊడ్చేటప్పుడు తారుమారవుతాయి.

రేణిగుంట_టీటీవై

పుట్టీ సంగతి వేరే. సర్వర్ దగ్గరికి కీ రాదు, బైట్లే వస్తాయి. ఏ కీకి ఏ బైట్లు పంపాలో తేల్చేది మీ విండోస్, పుట్టీ. అందుకే సర్వర్‌లో లోడ్‌కీస్ ఎన్నిసార్లు కొట్టినా మీకు ఏమీ మారదు.

ప్రాంప్ట్‌లో కంట్రోల్-వి నొక్కి, వెంటనే బ్యాక్‌స్పేస్ నొక్కండి. క్యారెట్ హెచ్ పడితే పుట్టీ 8 పంపుతోంది, క్యారెట్‌తో ప్రశ్నార్థకం పడితే 127. ఇప్పుడు 'ఎస్‌టీటీవై -ఏ' కొట్టి ఎరేజ్ (చెరిపే కీగా సర్వర్ అనుకునేది) దగ్గర ఏముందో చూడండి. రెండూ కలవాలి. బ్యాష్ (ప్రాంప్ట్‌లో కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) రెండిటితోనూ చెరిపేస్తుంది కాబట్టి ప్రాంప్ట్‌లో తేడా తెలీదు, ఎరేజ్‌నే నమ్ముకున్న ప్రోగ్రాముల్లో బయటపడుతుంది. పుట్టీలో మొదటి నుంచీ ఉండేది 127, ఎవరో మార్చి ఉంటారు. టెర్మినల్ కింద కీబోర్డ్ పేజీలో బ్యాక్‌స్పేస్‌ను 127కు పెట్టి సెషన్ సేవ్ చేయండి. సేవ్ మరిచిపోతే రేపు మళ్లీ ఇదే గోల.

ఎఫ్1కు పుట్టీ పంపేది ఎస్కేప్, [, 1, 1, ~. తాను మాత్రం ఎక్స్‌టర్మ్ (ఒక రకం టెర్మినల్) అని సర్వర్‌కు చెప్పుకుంటుంది. ఎక్స్‌టర్మ్ అన్నాక సర్వర్ ఎదురుచూసేది ఎస్కేప్, పెద్ద ఓ, పెద్ద పి. అదే పేజీలో ఫంక్షన్ కీలను 'ఎక్స్‌టర్మ్ ఆర్6'కు మార్చండి, ఎఫ్1 నుంచి ఎఫ్4 దాకా సరిపోతాయి.

కొర్లగుంట_ల్యాబ్

పుట్టీ సరయింది, కన్సోల్ కూడా. ఒక సిస్టమ్‌లో డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. అది మాత్రం బూట్‌లో పాస్‌వర్డ్ తప్పంటోంది. పాస్‌వర్డ్‌లో @ ఉంది.

చిత్తూరు_కన్సోల్

కంగారు పడొద్దు, డిస్క్‌కు ఏమీ కాలేదు. బూట్‌లో పాస్‌వర్డ్ అడిగేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (డిస్క్ తెరుచుకోకముందు నడిచే చిన్న సిస్టమ్), దాంట్లో కీమ్యాప్ కాపీ విడిగా ఉంటుంది. @ కోసం ఒకసారి షిఫ్ట్-2, రాకపోతే ఎంటర్ వైపున్న సింగిల్ కోట్ కీతో షిఫ్ట్ నొక్కి చూడండి. రెండిట్లో ఒకటి తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లాక 'అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -యు' కొట్టండి, అక్కడి నుంచి బూట్‌లోనూ కన్సోల్‌లోనూ ఒకే మ్యాప్.

రేణిగుంట_టీటీవై

తెలుగు గురించి. లినక్స్ ఉత్త కన్సోల్‌లో కుదరదు. దాని ఫాంట్‌లో 512 బొమ్మలకు మించి పట్టవు, ఒత్తులూ గుణింతాలూ కలిపి గీసే పని దానికి రాదు. 'క్ష' అంటే క, పొల్లు, ష మూడు కోడ్‌లు, వాటిని ఒక అక్షరంగా చేసే యంత్రాంగం అక్కడ లేదు.

పేర్లు కొట్టడానికి ఒక్క సిస్టమ్‌లో గ్రాఫిక్స్ పెట్టుకోండి. అదే కీబోర్డ్ ఫైల్‌లో లేఅవుట్ 'జిబి' కామా 'ఇన్' (ఇండియా), వేరియంట్ కామా 'టెల్' (తెలుగు), మార్చుకోడానికి ఆల్ట్-షిఫ్ట్ ఆప్షన్. వేరియంట్‌లో ముందున్న కామా వదిలేస్తే టెల్ పోయి బ్రిటన్ లేఅవుట్‌కు తగులుకుంటుంది. తెలుగును మొదట పెట్టొద్దు, లాగిన్‌లో యూజర్ పేరు కొట్టడానికి ఇబ్బంది. ఇది ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ అమరిక) పద్ధతి. 'తిరుపతి'కి ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్ వరుసగా నొక్కాలి. 7 కీలు, 7 కోడ్‌లు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. పేరుకు 20 బైట్లే కేటాయించిన పాత ప్రోగ్రామ్ ఉంటే చివరి గుడి దగ్గర తెగుతుంది, ముందే చూసుకోండి.