సంక్రాంతి తర్వాత సృష్టి ప్రదర్శన: ఏం పెడదాం, ఏం తీసేద్దాం

కన్వీనర్:
అందరికీ వందనాలు. బరంపురంలో హాలు దొరికింది. పండక్కి ఊళ్లకెళ్లినవాళ్లు తిరిగొచ్చాక వచ్చే శనివారం సాయంత్రం పెట్టుకుందాం. పర్లాకిమిడి యూత్, గోపాల్పూర్ నుంచి వేటకెళ్లే కుటుంబాలు వస్తామన్నారు. ఈ ప్రకృతి దానంతటదే ఏర్పడలేదనీ, దీని వెనక ఒక ఆలోచన ఉందనీ పిల్లలకి చూపించి చెప్పాలి. ఫ్లెక్సుల్లో ఏం రాయాలో ఇక్కడే తేల్చేద్దాం.

యూత్ తమ్ముడు:
అన్నా, మూడు రెడీ చేశా. ఇంగ్లండు పాదిరి విలియం పేలీ చెప్పిన గడియారం పోలిక ఒకటి. కన్ను దానంతటదే వచ్చిందనడం అసంబద్ధంగా ఉంటుందని పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్వినే ఒప్పుకున్న మాట ఒకటి. చివరి రోజుల్లో డార్విన్ బైబిలు చదువుతూ పశ్చాత్తాపపడ్డాడన్న కథ ఇంకొకటి. ఇది అందరికీ బాగా ఎక్కుతుంది.

కన్వీనర్:
ఆ మూడోది తీసెయ్ తమ్ముడూ. డార్విన్ పోయింది 1882లో. ఆ కథ అమెరికాలో ఒక బాప్టిస్టు పత్రికలో అచ్చయింది 1915లో. అది అబద్ధమని ఆయన కూతురే 1922లో రాసింది. సృష్టివాదం బోధించే పెద్ద సంస్థలే దీన్ని వాడొద్దంటున్నాయి. ఫార్వర్డ్ వచ్చిందల్లా ఫ్లెక్సు ఎక్కితే మిగతా స్టాళ్ల మాట కూడా ఎవరూ నమ్మరు. కన్ను మాట కూడా వద్దు. ఆయన అలా మొదలుపెట్టి, వెంటనే చిన్న చిన్న మెట్లుగా కన్ను ఎలా రాగలదో వివరించాడు. సగం వాక్యం కోసి పెట్టడం మనకి మర్యాద కాదు.
గడియారం ఉంచు. పేలీ 1802లో రాసినా పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. దారిలో గడియారం కనిపిస్తే చేసినవాడు ఒకడున్నాడనుకుంటాం కదా, అదీ వాదన.

జువాలజీ మేడమ్:
నేను సంఘంలో మీతోపాటే కూర్చుంటాను గానీ పరిణామం, అంటే జీవులు తరతరాలుగా మెల్లగా మారుతూ వచ్చాయన్నది, నిజమేనని నమ్మేదాన్ని, ముందే చెప్తున్నా. నన్ను స్టాల్లో పెడతారో లేదో మీ ఇష్టం. సీబీఎస్ఈ పదో తరగతిలో పరిణామం పాఠం 2023లో తీసేశారు. అంటే కొంతమంది పిల్లలు ఆ మాట మొదటిసారి మన దగ్గరే వింటారు. అవతలివాళ్లు ఏమంటున్నారో ముందు సరిగ్గా చెప్పి, ఆ తర్వాత మీ వాదన చెప్పండి.

కన్వీనర్:
మిమ్మల్ని పెట్టకపోతే ఎలా మేడమ్? ప్రశ్నల బల్ల మీదే.

ఇంజనీరింగ్ తమ్ముడు:
నేను బాక్టీరియా ఈదడానికి తిప్పే తోక మోడల్ చేస్తున్నా. బొమ్మ కారు మోటారు, పీవీసీ పైపు, గొట్టం. తిరిగే రోటారు, కదలని స్టేటరు, కొక్కెం, పొడుగాటి తీగ... నిజం దాంట్లో సుమారు నలభై రకాల ప్రొటీన్లు ఉంటాయి, ప్రోటాన్ల ప్రవాహంతో తిరుగుతుంది. ఒక్క ముక్క తీసినా పని చెయ్యదు కాబట్టి మెల్లమెల్లగా వచ్చి ఉండదని అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బీహీ 1996లో వాదించాడు. "సైన్సు నిరూపించింది" అని పైన రాయనా?

జువాలజీ మేడమ్:
అలా రాయకు నాన్నా. వేరే బాక్టీరియాలు విషాన్ని ఎక్కించే సూదిలాంటి యంత్రం ఒకటుంది. దాని ముక్కలు చాలావరకు ఈ తోక మొదలు ముక్కల్లాగే ఉంటాయి. ముక్కలు తగ్గినా ఇంకో పని చెయ్యగలదన్నమాట. అమెరికాలోని పెన్సిల్వేనియాలో డోవర్ స్కూలు కేసులో ఇదంతా కోర్టుకెక్కింది. జీవుల వెనక ఒక ఆలోచన ఉందన్న ఈ వాదన సైన్సు కాదు, మత విశ్వాసమని 2005 డిసెంబరులో జడ్జి తీర్పిచ్చాడు.

కన్వీనర్:
తీర్పు వచ్చిందని నా నమ్మకం మారదు గానీ, మేడమ్ చెప్పింది న్యాయం. హెడ్డింగు "మేము ఇలా నమ్ముతున్నాం, ఎందుకంటే..." అని పెట్టు. ఆ సూది సంగతి కూడా కింద రెండు లైన్లు రాయి. మోటారు మాత్రం తిరగాలి సుమా, పిల్లలు దానికోసమే వస్తారు.

గోపాల్పూర్ బావ:
ఇవన్నీ ఎందుకు బావా, తాబేళ్లు పెట్టండి. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య నది ముఖద్వారం దగ్గర వేట నిషేధం, నేనూ ఖాళీయే, వచ్చి చెప్తా.

కన్వీనర్:
అదీ మాట! మధ్య స్టాలు నీదే. లక్షల తాబేళ్లు ఫిబ్రవరి, మార్చిలో మన తీరానికొస్తాయి. కొన్నేళ్లు రావు, అదీ చెప్పు. ఒక్కోటి వందదాకా గుడ్లు పెట్టి, ఇసక కప్పి, ఒంటితో అదిమి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. పిల్లకి తల్లి ముఖం తెలీదు. గుడ్డులోంచి రాగానే వెలుతురున్న నీటివైపు పరుగు. పెద్దయ్యాక భూమి అయస్కాంత శక్తిని పట్టుకుని పుట్టిన తీరం వైపుకే వస్తుంది. ఈ దారి దానికి ఎవరు నేర్పారు? పక్షులకి తమ కాలాలు తెలుసని చెప్పే యిర్మీయా 8:7 అక్కడ పెడదాం. గుడ్లూ, డిప్పలూ ఏవీ తేవొద్దు, చట్టప్రకారం నేరం. ఫొటోలే.

జువాలజీ మేడమ్:
దారి తప్పినవి చచ్చిపోయాయి, తప్పనివి పిల్లల్ని పెట్టాయి, అలా మిగిలిందే ఈ తెలివి అని ఒక పిల్లవాడు లేచి అంటే?

కన్వీనర్:
జల్లెడ ఉన్న గింజల్ని ఏరుతుంది, గింజల్ని పుట్టించదు అంటాను.

జువాలజీ మేడమ్:
ఉత్పరివర్తనాలు, అంటే జన్యువుల్లో వచ్చే మార్పులు, కొత్త గింజలు తెస్తూనే ఉంటాయి అంటాను నేను. సరే, మనిద్దరం పిల్లల ముందే మాట్లాడుకుందాం. వాళ్లే వింటారు.

వంటల అక్క:
ఉప్మా, ఆలూచాప్, టీ. జనం లెక్క గురువారానికి చెప్పండి, లేకపోతే నాకు టెన్షన్. అన్నట్టు మా పెరటి తాటిచెట్టు కింద గిజిగాడి గూళ్లు రాలి ఉన్నాయి, పనికొస్తాయా?

కన్వీనర్:
పనికొస్తాయా ఏంటక్కా, అదే అసలు స్టాలు! ఖాళీవే తీసుకురా, చెట్టు మీదవి ముట్టుకోవద్దు. ఒకటి నిలువుగా కోసి పెడదాం. లోపల ఎండిన బంకమట్టి ముద్దలు కనిపిస్తాయి, పిల్లల్ని వేలితో తడమనివ్వాలి. ముక్కుతో పోచల్ని ముళ్లేసి అల్లేది మగపిట్ట. సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది, దానికి నచ్చితేనే మగపిట్ట మిగతాది కడుతుంది. (మా ఇంట్లో కర్టెన్ల విషయంలోనూ ఇదే పద్ధతి.)

యూత్ తమ్ముడు:
అన్నా, మన పిల్లల్లో చాలామంది ఒడియా మీడియం. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు.

కన్వీనర్:
అవును, ప్రతి చార్టుకీ కింద ఒడియాలో రాయాలి. పర్లాకిమిడి యూత్‌లో రెండూ బాగా రాసేవాళ్లున్నారు, వాళ్లకి బుధవారంలోగా మ్యాటర్ పంపు. పాస్టరుగారు చెప్పిన ఇంకో మాట: హాలు బయట కరపత్రాలు పంచొద్దు, ఇది మన పిల్లల కార్యక్రమం. తాబేళ్ల ఫొటోలు మంచివి ఎవరి దగ్గరున్నాయి? బావా, నీ ఫోన్లోవి మసగ్గా ఉంటే ఇప్పుడే చెప్పు, వేరేవి వెతకాలి.