కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే నేల పైకి లేస్తోంది, షాపులో అడిగితే అలవాటైపోతుందంటున్నారు

దూరతీరం (శనివారం, రాత్రి 11:52)
నాలుగు గంటలుగా ఇదే పని మీద కూర్చున్నాను, ఇక ఓపిక లేదు. ఉండేది పరాయి దేశంలో. మంగళవారం కొత్త కళ్ళజోడు చేతికొచ్చింది. పెట్టుకుంటే నేల నా మీదికి లేచి వస్తున్నట్టుంటుంది. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు ఎక్కడుందో కాలితో తడుముకుంటున్నాను. తల తిప్పితే గదంతా ఊగుతుంది. సాయంత్రానికి కనుబొమల మధ్య ఒకటే పోటు. షాపుకి రెండుసార్లు వెళ్ళాను. నాకు ఇక్కడి భాష అంతంత మాత్రం. "బాగాలేదు, బాగాలేదు" అన్నాను. వాళ్ళు నవ్వి "అలవాటైపోతుంది" అని పంపేశారు.

ఇందాక పాత చీటీ తీసి పక్కన పెట్టుకుని చూస్తే అసలు సంగతి దొరికింది. పవరే తప్పు! మన దేశంలో రాయించుకున్న పాత చీటీలో కుడి కన్ను −3.50, సిలిండర్ −1.25, యాక్సిస్ 180. ఇక్కడి డాక్టర్ రాసింది −4.75, సిలిండర్ +1.25, యాక్సిస్ 90. రెండేళ్ళలో ఎవరికైనా ఇంత మారుతుందా? ఎడమ కన్నుదీ ఇదే కథ. డబ్బు వెనక్కి రాబట్టే దారి చెప్పండి. అనుభవం ఉన్నవాళ్ళే చెప్పండి, దయచేసి.

ఒక్కముక్క (ఆదివారం, ఉదయం 6:10)
పాత జోడుతో ఎలా ఉంది?

కొలబద్ద (ఆదివారం, ఉదయం 7:35)
ముందు ఒక మాట. షాపుకెళ్ళి "పవర్ తప్పు" అని గొడవ పెట్టుకోకండి, పరువు పోతుంది. మీరు రాసిన రెండూ ఒకే పవర్. రాసే పద్ధతి వేరు, అంతే. సిలిండర్ అంటే ఒక దిశలో మాత్రమే పడే అదనపు పవర్, యాక్సిస్ అంటే అది ఏ కోణంలో కూర్చోవాలో చెప్పే అంకె. కొందరు సిలిండర్‌ని మైనస్‌లో రాస్తారు, కొందరు ప్లస్‌లో. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడం చాలా తేలిక. మొదటి అంకెకు సిలిండర్ కలపండి: −3.50కి −1.25 కలిపితే −4.75. సిలిండర్ గుర్తు తిప్పేయండి: +1.25. యాక్సిస్‌ని 90 డిగ్రీలు మార్చండి: 180 కాస్తా 90. వచ్చింది కదా మీ కొత్త చీటీ? రెండేళ్ళలో మీ దూరపు చూపు కుడి కంట్లో ఒక్క పాయింటు కూడా మారలేదు.

అయితే తప్పు జరగడానికి ఇదే మంచి సందు. ప్లస్‌ని ఎవరైనా మైనస్‌గా ఎక్కించుకుంటే కథ మారిపోతుంది. ఏ కళ్ళజోళ్ళ షాపులోనైనా లెన్సోమీటర్, అంటే అద్దం పవర్ కొలిచే యంత్రం, ఉంటుంది, నిమిషం పని. చీటీ, కళ్ళజోడు రెండూ ఇచ్చి "ఇందులో ఉన్నదే అందులో ఉందా" అని చూపించుకోండి. వేరే షాపులో చూపిస్తే ఇంకా మంచిది.

పవర్ సరిగ్గానే ఉంటే తర్వాతి అనుమానం పీడీ, అంటే రెండు కనుపాపల మధ్య దూరం. ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు? మీ పవర్‌కి అడ్డంగా 4 మిల్లీమీటర్లు తేడా పడితే 0.4 ఇంటూ 3.5, అంటే 1.4 ప్రిజం డయాప్టర్ (అద్దం చూపును పక్కకి ఎంత లాగుతుందో చెప్పే కొలత). కళ్ళు రోజంతా దానితో కుస్తీ పడతాయి. తలనొప్పి రాకేం చేస్తుంది?

అద్దం ఏ మెటీరియలో కూడా రాయలేదు. పాలీకార్బొనేట్ అయితే దాని అబ్బే సంఖ్య (అద్దం రంగుల్ని ఎంత తక్కువగా విడదీస్తుందో చెప్పేది) 30 దగ్గర, మామూలు సీఆర్-39 ప్లాస్టిక్‌కి 58. అబ్బే తగ్గేకొద్దీ అద్దం అంచుల్లోంచి చూసినప్పుడు తెల్లటి కిటికీ చట్రానికి ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు అంచు కనిపిస్తుంది. పల్చగా ఉంటాయని అందరూ హై ఇండెక్స్ అద్దాల మీద పడతారు, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. దీని గురించి నేను ఇదే గుంపులో మూడుసార్లు రాశాను. చదివినవాళ్ళు లేరు.

సహజకాంతి (ఆదివారం, ఉదయం 8:02)
అసలు ఈ అద్దాలన్నీ అలవాటు చేసేది కంపెనీలే. రోజూ పొద్దున పది నిమిషాలు కళ్ళ వ్యాయామం చేయండి, అరచేతులు రుద్ది కళ్ళ మీద పెట్టుకోండి. ఆరు నెలల్లో జోడు అవతల పారేస్తారు.

కొలబద్ద (ఆదివారం, ఉదయం 8:06)
మైనస్ మూడున్నర అంటే ఎక్కువమందిలో కనుగుడ్డు పొడవు పెరగడం వల్ల వచ్చేది. అరచేతులు రుద్దితే గుడ్డు పొట్టిదవుతుందా? ఆయన మెట్ల మీద పడబోతుంటే మీరు వ్యాయామం అంటారు.

సహజకాంతి (ఆదివారం, ఉదయం 8:09)
నా అనుభవం నేను చెప్పాను. మీకెందుకంత కోపం?

దూరతీరం (ఆదివారం, మధ్యాహ్నం 1:20)
కొలబద్ద గారూ, రెండూ ఒకటేనా! రాత్రంతా డాక్టర్‌ని తిట్టుకున్నాను. షాపుకి పెద్ద లేఖ కూడా రాసి పెట్టాను, ఇంకా పంపలేదు, బతికిపోయాను. అద్దం మెటీరియల్ తెలీదు. "ఇదే మంచిది" అన్నారు, సరే అన్నాను.

ఒక్కముక్క గారూ, పాతదానితో ఏ ఇబ్బందీ లేదు. దూరం బాగా కనిపిస్తుంది. ఫోను చూడాలన్నా మందుల సీసా మీది చిన్న అక్షరాలు చదవాలన్నా మాత్రం జోడు తీసేస్తాను, అది మామూలే కదా.

ఒక్కముక్క (ఆదివారం, మధ్యాహ్నం 1:24)
వయసు?

దూరతీరం (ఆదివారం, మధ్యాహ్నం 1:31)
వయసుకీ దీనికీ ఏం సంబంధమండీ? 44.

ఒక్కముక్క (ఆదివారం, మధ్యాహ్నం 1:32)
చీటీలో "యాడ్" అని ఉందా?

దూరతీరం (ఆదివారం, మధ్యాహ్నం 1:50)
ఉంది. కింద యాడ్ +1.50 అని రెండు కళ్ళకీ ఉంది. ప్లస్ కదా, నాది మైనస్ కదా, నాకు సంబంధం లేని గడి అనుకున్నాను. ఇప్పుడు రసీదు చూస్తే అద్దం పేరు పక్కన ప్రోగ్రెసివ్ అని కూడా ఉంది. ఇది ముందే రాయాల్సిందా?

కొలబద్ద (ఆదివారం, మధ్యాహ్నం 1:53)
రాయాల్సిందా అని అడుగుతున్నారా? పొద్దున్నుంచి అబ్బే సంఖ్య గురించి రాస్తున్నాను నేను.

రెండోషిఫ్ట్ (ఆదివారం, మధ్యాహ్నం 3:15)
అయితే ఇది మీ మొదటి ప్రోగ్రెసివ్ అన్నమాట. నాదీ బయటి దేశమే, నాదీ ఇదే గొడవ, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఈ అద్దంలో పై భాగం దూరానికి, కింది భాగం చదవడానికి (దూరపు పవర్‌కి యాడ్ అంకె కలిపితే వచ్చేది), మధ్యలో సన్నటి దారి. ఆ దారికి రెండు పక్కలా మసకగా, వంకరగా కనిపించడం ఈ అద్దాల స్వభావం, ఎంత మంచి అద్దమైనా కొంత ఉంటుంది. తల తిప్పితే గది ఊగేది అందుకే. మెట్లు దిగేటప్పుడు మీరు కళ్ళు దించుతున్నారు, అంటే నేలను చదువుకునే పవర్‌లోంచి చూస్తున్నారు. కళ్ళు కాదు, గడ్డం దించండి. పక్కకి చూడాలంటే ముక్కు అటు తిప్పండి. పొద్దున పెట్టుకున్నది రాత్రి దాకా ఉంచండి, గంటకోసారి పాతదానికి మారితే ఎప్పటికీ అలవాటు కాదు. బండి నడపడం మాత్రం ఇప్పుడే వద్దు. చాలామందికి రెండు వారాల్లో సర్దుకుంటుంది. షాపువాళ్ళన్నది పూర్తిగా అబద్ధం కాదు.

కానీ వాళ్ళు కొలతలు సరిగ్గా తీసుకున్నారో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. అద్దం మీద నోటితో ఆవిరి ఊదండి, దీపానికి ఎదురుగా వంచి పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. ఆవిరి ఆరిపోతుండగా చిన్న చిన్న సున్నాలు రెండు కనిపిస్తాయి, ఒకటి ముక్కు వైపు, ఇంకోటి చెవి వైపు. మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. చెవి వైపు సున్నా కింద యాడ్ అంకె సన్నగా చెక్కి ఉంటుంది, మీకు 1.5 లేదా 15 అని ఉండాలి. నాకు మొదటిసారి కనిపించడానికి పావుగంట పట్టింది, కనిపించాక మాత్రం కన్ను అటే పోతుంది, అదో బాధ. ఆ రెండు సున్నాల నడిమధ్యకు సూటిగా కొన్ని మిల్లీమీటర్లు పైన, ఎంతనేది అద్దాన్ని బట్టి ఉంటుంది, మీ కనుపాప రావాలి. షాపులో ఆ కంపెనీ కార్డు మీద అద్దం పెట్టి ఆ చోటు పెన్నుతో గుర్తు పెడతారు. పెట్టమని అడగండి, ఆ జోడు పెట్టుకుని మొహం చూసుకునే అద్దంలోకి తిన్నగా చూడండి. గుర్తు కనుపాప మీద ఉందా, పైన ఉందా, కింద ఉందా అన్నది మీకే తెలుస్తుంది.

ఇక భాష సంగతి. "బాగాలేదు" అంటే ఏ దేశంలోనైనా వచ్చే జవాబు "అలవాటైపోతుంది". నేను మూడోసారి కాగితం పట్టుకెళ్ళాను. కుడి కన్ను మూసి ఎడమతో, ఎడమ మూసి కుడితో, చేయి చాపినంత దూరంలో, గది అవతలి గోడ మీద, కింద నేల మీద ఏది ఎలా కనిపిస్తుందో వరసగా రాసి, పక్కన నేల వాలుగా ఉన్నట్టు బొమ్మ గీశాను. ఆ అమ్మాయి బొమ్మ చూసి కుర్చీ జరిపి నన్ను కూర్చోమంది. అప్పటిదాకా కౌంటర్ దగ్గర నిలబెట్టే మాట్లాడారు.

ఒక్కముక్క (ఆదివారం, మధ్యాహ్నం 3:18)
దూరం స్పష్టంగా కనపడాలంటే గడ్డం ఎత్తుతున్నారా, దించుతున్నారా?

నిఘంటువు (ఆదివారం, సాయంత్రం 4:40)
ఇంత చర్చ జరిగింది, ఒక్కరూ ఆ మాట అనలేదు. ఆయనకొచ్చింది చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసుకి వస్తుంది కాబట్టి ఆ పేరు. ఇంత చక్కటి మాట ఉండగా యాడ్, ప్రోగ్రెసివ్ అంటూ ఈ అవస్థ ఏమిటి?

కొలబద్ద (ఆదివారం, సాయంత్రం 4:52)
చత్వారం జబ్బు పేరు, ప్రోగ్రెసివ్ అద్దం పేరు. షాపుకెళ్ళి చత్వారం ఇవ్వండి అని అడుగుతారా?

నిఘంటువు (ఆదివారం, సాయంత్రం 4:58)
చత్వారం జబ్బు కాదు, వయసు. కంటి లోపలి కటకం బిరుసెక్కుతుంది. అది దీర్ఘదృష్టి కూడా కాదు, పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళే రెండూ కలిపేస్తున్నారు.

మసకచూపు (ఆదివారం, సాయంత్రం 5:30)
మా ఇంట్లో బైఫోకల్ అనేవారు. ఇదీ అదీ ఒకటేనా?

కొలబద్ద (ఆదివారం, సాయంత్రం 5:34)
కాదు. బైఫోకల్‌లో కింద గీత కొట్టినట్టు వేరే ముక్క కనిపిస్తుంది, రెండే పవర్లు, మధ్య దూరానికి ఏమీ ఉండదు. గీత లేకుండా మెల్లగా మారేది ప్రోగ్రెసివ్. 1959లో ఫ్రాన్స్‌లో వారిలక్స్ పేరుతో అమ్మకానికి వచ్చినప్పటి నుంచీ ఉన్నదే, కొత్త వింతేం కాదు.

నిఘంటువు (ఆదివారం, సాయంత్రం 5:41)
క్రమవర్ధక కటకం అనవచ్చు.

ఒక్కముక్క (ఆదివారం, సాయంత్రం 5:42)
అనవద్దు.

వలసపక్షి (ఆదివారం, రాత్రి 9:05)
డబ్బు వెనక్కి ఎలా అని ఆయన అడిగాడు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏ దేశమో ఆయనా చెప్పలేదు. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోలుకి 14 రోజుల్లో వెనక్కిచ్చే హక్కు ఉంది గానీ, మీ కొలతలకు చేయించిన వస్తువుకు అది వర్తించదు. తప్పుగా చేసి ఇస్తే ఆ సంగతి వేరు. అమెరికా అయితే పరీక్ష కాగానే అడగకపోయినా చీటీ చేతికివ్వాలి, దానితో ఎక్కడైనా చేయించుకోవచ్చు. ఎక్కడున్నా చేయాల్సింది ఒకటే: రసీదు మీద మళ్ళీ చేసిచ్చే గడువు ఎంత ఉందో ఈ రాత్రే చూడండి. ప్రోగ్రెసివ్ అలవాటు కాకపోతే ఉచితంగా మార్చే షాపులు చాలా ఉంటాయి, గడువు దాటితే మాత్రం మొహం చూడరు. వెళ్ళిన రెండు తేదీలూ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. దేశం పేరు చెప్తే ఇంకా చెప్పగలం.

దూరతీరం (సోమవారం, ఉదయం 7:12)
గడ్డం దించుతున్నాను! ఎదురుగా ఉన్న బస్సు నంబరు చదవడానికి ఎద్దు కుమ్మబోయినట్టు తల వంచుతున్నానని మా ఆవిడ నాలుగు రోజులుగా నవ్వుతోంది. ఇది కూడా ముఖ్యమేనా?

ఒక్కముక్క (సోమవారం, ఉదయం 7:14)
అద్దం ఎత్తుగా కూర్చుంది. నోస్ ప్యాడ్లు వెడల్పు చేయించండి. చాలకపోతే ఎత్తు మళ్ళీ కొలిచి కొత్త అద్దాలు.

రెండోషిఫ్ట్ (సోమవారం, ఉదయం 7:40)
అవును. ఎత్తుగా కూర్చుంటే తిన్నగా చూసినా చూపు మధ్య దారిలో పడుతుంది, అందుకే తల వంచి పై భాగంలోంచి చూస్తున్నారు. జారిపోతే దీనికి ఉల్టా, చదవడానికి గడ్డం ఎత్తాల్సి వచ్చేది. ఆవిరి ఊది చూశారా?

సహజకాంతి (సోమవారం, ఉదయం 9:15)
వ్యాయామం చేసి చూసినా పోయేదేం లేదు.

నిఘంటువు (సోమవారం, ఉదయం 10:03)
కళ్ళజోడా, కళ్ళద్దాలా అన్నదాని మీద కూడా ఒక మాట. జోడు అంటే జత. కాబట్టి "కళ్ళజోళ్ళు పెట్టుకున్నాను" అనడం తప్పు, ఒకరు ఒకటే పెట్టుకుంటారు.

మసకచూపు (సోమవారం, ఉదయం 10:20)
చెప్పుల జత కూడా ఒకటే, అయినా చెప్పులు వేసుకున్నాను అంటాం కదా గురువుగారూ.

నిఘంటువు (సోమవారం, ఉదయం 10:26)
అక్కడ విడిగా రెండు చెప్పులున్నాయి. ఇక్కడ విడిగా రెండు జోళ్ళున్నాయా?

దూరతీరం (గురువారం, రాత్రి 10:48)
వెళ్ళొచ్చాను. కాగితం మీద బొమ్మ గీసి తీసుకెళ్తే నిజంగానే కూర్చోబెట్టారు. పెన్నుతో గుర్తు పెడితే కుడి వైపు కనుపాపకి పైన ఉంది, ఎడమ వైపు ఇంకా పైన. ఫ్రేమే వంకరగా కూర్చుందట. నోస్ ప్యాడ్లు విడదీశారు, చెవి దగ్గర వంచారు. పవర్ కూడా చూపించాను, చీటీలో ఉన్నట్టే ఉంది. మెట్లు ఇప్పుడు పర్వాలేదు, బస్సు నంబరు తల వంచకుండానే కనిపిస్తోంది. ఆఫీసులో రెండు స్క్రీన్ల ముందు మాత్రం మెడ పట్టేస్తోంది, పక్క స్క్రీన్ అంతా మసకే. దానికి వేరే జోడు కావాలా? సరే, ఉంటాను, పొద్దున్నే లేవాలి. థాంక్స్ అందరికీ.

కొలబద్ద (గురువారం, రాత్రి 11:01)
రెండు స్క్రీన్లా? అదీ ఇప్పుడా చెప్పేది!

ఒక్కముక్క (గురువారం, రాత్రి 11:02)
స్క్రీన్ ఎంత దూరం?