ఇంట్లో చేసిన ఎలక్ట్రిక్ స్మోకర్‌లో సెన్సర్ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: ఇనప పెట్టెకి అడుగున కాయిల్ బిగించి పీఐడీ కంట్రోలర్‌తో (సెన్సర్ రీడింగ్ చూసి కాయిల్ వేడిని అదుపు చేసేది) మాంసం స్మోకర్, అంటే పొగలో మాంసం వండే పెట్టె చేస్తున్నా. వేడి కొలిచే సెన్సర్ పైన పొగగొట్టం దగ్గర పెట్టాలా, కింద కాయిల్ పక్కనా? రెండు చోట్లా రీడింగ్ బాగా తేడా వస్తోంది.

జవాబు: రెండూ వద్దండి. మాంసం పెట్టే జాలీ ఎత్తులోనే, ముక్కకి 4-5 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. మరీ దగ్గరైతే చల్లటి మాంసం వల్ల రీడింగ్ తక్కువ చూపించి కాయిల్ ఆగకుండా కాలుతుంది, అదే కాయిల్‌కి సూటిగా పైన పెడితే పెట్టె వేడెక్కకముందే కరెంటు ఆపేస్తుంది. గోడకీ తగలనివ్వొద్దు.

ఇంకో జవాబు: 110-120 డిగ్రీల్లో నడిపేట్టయితే డీఎస్18బీ20 సెన్సర్ వద్దు, దాని పరిమితే 125. ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే కె టైప్ థర్మోకపుల్ సెన్సర్ నయం. మాంసం లోపలికి గుచ్చే వేరే ప్రోబ్ (సెన్సర్ పుల్ల) ఉండాల్సిందే, చికెన్ మధ్యలో 74 వచ్చిందో లేదో పెట్టె వేడి చూసి ఎలా చెప్తాం?

ప్రశ్న అడిగినవారు: జాలీలు రెండుంటే?

జవాబు: కంట్రోలర్‌కి ఒక్క జాలీ దగ్గరి సెన్సరే, రెండో జాలీది ఊరికే చూసుకోడానికి. తేడా ఉంటే మధ్యమధ్యలో ముక్కలు పైకీ కిందకీ మార్చండి. అన్నట్టు సెన్సర్ జారి బయటపడితే కాయిల్ ఇక ఆగదు, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే థర్మల్ కటాఫ్ విడిగా తప్పక పెట్టండి.