లైబ్రరీ డబ్బు వాడుకున్న కుర్రాడి విషయంలో ఏం చేయాలి?

నమస్కారమండీ. మాది గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు ఒక పల్లె. ఏడాదిగా ప్రతి ఆదివారం రామాలయం అరుగు మీద ఊళ్లోని 16–20 ఏళ్ల పిల్లలతో కూర్చుంటున్నాను. చదువుతో పాటు మాట మీద నిలబడటం, ఊరి పని మనదే అనుకోవడం నేర్పాలని నా తాపత్రయం. 1921లో చీరాల-పేరాల జనం మున్సిపాలిటీ పన్నులకు నిరసనగా ఊరు ఖాళీ చేసి వెళ్లినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి స్వచ్ఛంద సేవకుల దళం రామదండు వాళ్లకు ఎలా అండగా నిలిచిందో చెప్పాను. మర్నాడే తొమ్మిదిమంది చేరి మూతపడ్డ లైబ్రరీ గది కడిగేశారు!

ఆ గదికి ట్యూబ్‌లైట్ల కోసం చందాలు పోగుచేశాం. లెక్క రాసే కుర్రాడు మిరప కోతలకు వెళ్లొస్తాడు. వేళ్లు మండుతుంటే కళ్లు నలుపుకోకుండా, భుజంతో చెమట తుడుచుకుంటూ పైసాతో సహా రాసేవాడు. పోయిన వారం వాడే వచ్చి, అమ్మ మందులకు 600 రూపాయలు వాడుకున్నానని ఏడ్చేశాడు. కూలి డబ్బులు రాగానే కట్టేస్తానన్నాడు.

మిగతావాళ్లకు ఇంకా తెలీదు. దాచిపెడితే రేపు నిజాయితీ గురించి ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? చెబితే, చిన్న ఊరు కదా, దొంగ అన్న ముద్ర పడిపోతుంది. నేనే కట్టేస్తే వాడికి మేలు చేసినట్టు కాదనిపిస్తోంది.

ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులు నడిపినవారు, పల్లెల్లో యువకులతో పనిచేసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. వాడి చేతే అందరి ముందు చెప్పించాలా? చెప్పిస్తే వాడు మళ్లీ తలెత్తుకునేలా ఎలా చూసుకోవాలి? ఇకపై డబ్బు లెక్క ఇద్దరికి అప్పగిస్తే వాడు నొచ్చుకుంటాడా? ఆదివారం లోపు ఒక మాట చెప్పగలరు.